నల్లగట్టుకి ఎనభై నాలుగు కన్నాలు

ఆ రోజు పొద్దున ముర్మాన్ పెట్టుకున్న పనులు రెండే రెండు. ఒకటి, ఏడు ఆవుల్నీ నల్లగట్టు కింద పచ్చికలో వదిలి రావడం. రెండు, మధ్యాహ్నం వాన మొదలయ్యేలోపు ఆరబెట్టిన పేడ ఇటుకల మీద పట్టా కప్పడం. మా లోదేతి ఊళ్ళో అంతకంటే ఎక్కువ పనులు ఎవరూ పెట్టుకోరు. పెట్టుకున్నా వాన పడనివ్వదు.

ఆవులు ముందు, ముర్మాన్ వెనక. గట్టు మలుపు తిరిగేసరికి పైనుంచి గుర్రుమని ఒకటే మోత. ఆవులు తలెత్తి చూశాయి, ముర్మాన్ కూడా చూశాడు. ఆవులు మళ్ళీ గడ్డిలో తల పెట్టేశాయి. ముర్మాన్‌కి మాత్రం ఆ మోత తెలుసు.

ఎందుకంటే పోయినేడు పక్క లోయలో కథ ఇలాగే మొదలైంది. ముందు ఇద్దరు మనుషులొచ్చి రాళ్ళకి కన్నాలు పెట్టి, రంగుతో అంకెలేసి పోయారు. నెల తిరక్కుండా లారీలొచ్చాయి. పట్నం వీధుల్లో పరవడానికని కొండని కొండే పలకలుగా కోసుకుపోయారు. పచ్చిక మీద దుమ్ము పడింది. ఆ ఊరి ఆవులు ఇప్పుడు తారురోడ్డు పక్కన మేస్తున్నాయి, అది కూడా బస్సులు దయతలిస్తే. ముర్మాన్‌కి నల్లగట్టు పచ్చిక మీద కాగితం ముక్క లేదు. తాత మేపాడు, నాన్న మేపాడు, తను మేపుతున్నాడు, అంతే. ఆ గడ్డి పోతే ఏడు ఆవులూ పోతాయి, ఆవులు పోతే ముర్మాన్ దగ్గర మిగిలేది చేతికర్ర ఒక్కటే.

కర్ర గట్టిగా పట్టుకుని పైకెక్కాడు. దారిలో తిట్లన్నీ వరసగా పేర్చుకున్నాడు కూడా, చిన్నవి ముందు, పెద్దవి తర్వాత. పైన ఇద్దరున్నారు. నలభై ఏళ్ళ బొద్దు మనిషి ఒకడు చేతిమిషనుతో రాతికి కన్నం పెడుతున్నాడు. అరవై దాటిన ఒకావిడ, పొట్టి జుట్టు, మగాళ్ళ బూట్లు, చిన్న పళ్ళెం మీద పుల్ల నిలబెట్టి దాని నీడ చూసి పుస్తకంలో రాసుకుంటోంది. చుట్టుపక్కల రాళ్ళ మీద ఎర్రరంగు అంకెలు. గట్టుకి అవతలి వైపు, ఊరికి కనపడకుండా, రోజుల తరబడి ఇదే పని చేస్తున్నారని అప్పుడే తెలిసింది, ఎందుకంటే ఆవిడ రాసుకుంటున్న అంకె డెబ్బై తొమ్మిది.

ముర్మాన్ మొదటి తిట్టు నోటిదాకా తెచ్చాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ తలెత్తింది.

"దేవుడు పంపినట్టొచ్చావు తమ్ముడూ. మా నీళ్ళ డబ్బా కారిపోయింది. కాసిని నీళ్ళిప్పిస్తావా? నీళ్ళు పోయకపోతే ఈ మిషను రాతిలోనే కాలిపోతుంది."

అయిపోయింది. మా దగ్గర ఒక మనిషి నిన్ను నీళ్ళడిగాడంటే వాడు నీ అతిథి. అతిథిని దేవుడు పంపిస్తాడు, కాబట్టి నువ్వెందుకొచ్చావని అడగకూడదు, అడిగితే దేవుణ్ణి అడిగినట్టు. తినకముందు అడిగితే తిండి పెట్టడం ఇష్టం లేదంటారు. తిన్నాక అడిగితే పెట్టిన తిండికి లెక్క అడుగుతున్నాడంటారు. మరి ఎప్పుడడగాలి? లోదేతిలో ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

"ఇస్తానక్కయ్యా," అన్నాడు ముర్మాన్. పేర్చుకున్న తిట్లు గొంతులోనే ఉండిపోయాయి.

రెండు డబ్బాలు తెచ్చాడు. మిషను వాటిని గుటుక్కున తాగేసింది. మళ్ళీ రెండు. మూడోసారి మోస్తుంటే దారిలో బావమరిది గెర్వాసి ఎదురొచ్చాడు. గెర్వాసి ఒకప్పుడు ట్రాక్టరు నడిపేవాడు. ట్రాక్టరు పోయాక ఊళ్ళో సంగతులన్నీ నడుపుతున్నాడు.

"ఎక్కడికి బావా నీళ్ళు?"

"గట్టు మీదికి. ఎవరో కన్నాలు పెడుతున్నారు."

"నీ కొండకి కన్నాలు పెడుతుంటే నువ్వే నీళ్ళు మోస్తున్నావా? ఉరి తీసేవాడికి తాడు పేనిచ్చే మనిషిని నిన్నొక్కణ్ణే చూశాను."

"ముందు వాళ్ళే అడిగేశార్రా. ఏం చెయ్యను?"

గెర్వాసి కూడా ఒక డబ్బా అందుకున్నాడు. ఆచారం ఆచారమే కదా.

పైకెళ్ళాక గెర్వాసి తెలివిగా, ఎవర్నీ ఏమీ అడక్కుండా, గాల్లోకి అన్నాడు, "ఈ రాళ్ళు చూస్తే ఒక్కొక్కళ్ళకి ఒక్కొక్కటి గుర్తొస్తుంది సుమా."

ఆవిడ పేరు లమారా. ముప్పై ఐదేళ్ళుగా పట్నంలో పాఠాలు చెప్తోంది. దాపరికం ఏమీ లేకుండా చెప్పేసింది.

"నాకు అయస్కాంతం గుర్తొస్తుంది బాబూ. ఈ గట్టంతా ఒకప్పుడు పారిన నిప్పు. చల్లారేటప్పుడు ఇందులోని ఇనుప రవ్వల్ని అప్పటి భూమి అయస్కాంతం ఎంత బలంగా లాగిందో, ఆ గుర్తు అలాగే పట్టుకుని గడ్డకట్టాయి. వీటిని మేం మళ్ళీ కొంచెం కొంచెంగా కాల్చి, బలం తెలిసిన అయస్కాంతంలో చల్లారనిస్తాం. పాత పట్టు ఎంత పోయింది, కొత్త పట్టు ఎంతొచ్చింది చూస్తే, ముప్పై లక్షల ఏళ్ళ కింద భూమికి ఎంత బలం ఉండేదో తేలుతుంది."

"తేలితే?" అన్నాడు ముర్మాన్.

"తేలితే తెలుస్తుంది తమ్ముడూ."

బావా బావమరిదీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కొంచెం దిగువకి దిగాక గెర్వాసి గొంతు తగ్గించాడు.

"చూశావా, ఎంత పెద్ద అబద్ధమో. చిన్న మోసగాడు చిన్న అబద్ధం చెప్తాడు, నువ్వు తిరిగి ప్రశ్నేస్తావు. వీళ్ళు చదువుకున్న మోసగాళ్ళు. ముప్పై లక్షల ఏళ్ళంటే ఇంక నువ్వేం అడుగుతావు?"

"ఆ పుల్ల నీడ దేనికంటావు?"

"నేల కొలత. ఇంకేముంటుంది."

"దిక్సూచి పెట్టుకుని పుల్ల ఎందుకూ అంటే, ఈ రాళ్ళు ముల్లుని పక్కకి లాగేస్తాయి, అందుకని సూర్యుణ్ణి చూస్తున్నాం అంది."

"అంటే దిక్సూచి పని చెయ్యదని తెలిసీ దిక్సూచి తెచ్చారన్నమాట," అన్నాడు గెర్వాసి. దాంతో ముర్మాన్‌కి ఉన్న ఆ కాస్త నమ్మకమూ పోయింది.

మధ్యాహ్నానికి, రోజూ లాగే, వాన వడగళ్ళతో సహా దిగింది. పేడ ఇటుకల మీద పట్టా కప్పడం ముర్మాన్ మర్చిపోయాడు. అతిథుల్ని వానలో వదిలేస్తే ఊరు ఊరుకోదు కాబట్టి ఇంటికి పిలిచాడు. వాళ్ళ జీపు పైగుడ్డ చిరిగిపోయి ఉంది. లమారా రెండు చెక్కపెట్టెల్ని కోడిపిల్లల్ని దింపినట్టు దింపించింది.

"వీటికి కాస్త తడవని చోటు చూపించు తమ్ముడూ. ఆరు రోజుల కష్టం ఇందులో ఉంది."

"పశువుల కొట్టం ఉందక్కయ్యా," అన్నాడు ముర్మాన్. అనేశాక తన తెలివికి తనే మురిసిపోయాడు.

లోపల ముర్మాన్ పెళ్ళాం త్సియాల ఉడికించిన బంగాళాదుంపలు, దారాల్లా విడిపోయే జున్ను, ఎండబెట్టిన బాతుమాంసం, పొయ్యి గోడకి కొట్టి కాల్చిన రొట్టెలు బల్లమీద పెట్టింది. గెర్వాసి తమాదాగా బల్ల మొదట్లో కూర్చున్నాడు. తమాదా అంటే బల్ల దగ్గర రాజు. వాడు గ్లాసెత్తి మాట చెప్తుంటే ఎవరూ లేవకూడదు, అడ్డు రాకూడదు. మాట పూర్తయ్యాక అందరూ తాగాలి.

బావా బావమరిదీ లోపలికి రాకముందే వాకిట్లో పథకం వేసుకున్నారు. గెర్వాసి మాటల మీద మాటలు చెప్పి వాళ్ళని బల్లకి కట్టేస్తాడు. ముర్మాన్ ఈలోపు కొట్టంలోకెళ్ళి ఆ రాళ్ళలో ఏముందో తేలుస్తాడు.

మొదటి ఇబ్బంది ఆ బొద్దు మనిషితో వచ్చింది. వాడి పేరు వఖుష్తి. బండి నడపాలి, తాగనన్నాడు.

"తాగవా?" అన్నాడు గెర్వాసి. "తాగని వాడి కడుపులో ఏదో ఒక మాట ఉంటుంది, అది బయటికొస్తుందని భయం. నీ కడుపులో ఏముంది తమ్ముడూ?"

"గ్యాసుంది."

"దానికీ ఇదే మందు."

రెండో గ్లాసుకి వఖుష్తి లొంగిపోయాడు. మూడోది తనే పోసుకున్నాడు. ఇంక ఆ పూట జీపు కదలదు.

గెర్వాసి శాంతి గురించి మొదలుపెట్టగానే ముర్మాన్ లేచాడు. "ఒక ఆవు ఈనేలా ఉంది, చూసొస్తా," అని కొట్టంలోకి దూరాడు.

పెట్టె మూత తీశాడు. లోపల కొవ్వొత్తి ముక్కల్లా గుండ్రటి రాళ్ళు, వరసగా, ఒక్కో దాని మీద ఒక బాణం గుర్తు, ఒక అంకె. అటూ ఇటూ తిప్పాడు. వాసన చూశాడు. నాలికతో కూడా చూశాడు. రాయి రాయిలాగే ఉంది. అప్పుడు వాడి కళ్ళు గోడ మీద పడ్డాయి.

మా ఊళ్ళో ప్రతి కొట్టంలోనూ మేకుకి ఒక అయస్కాంతం వేలాడుతుంది. గడ్డిలో తీగ ముక్కలూ మేకులూ ఉంటే ఆవు మింగి చచ్చిపోతుంది, అందుకని మేత వేసేముందు దాని మీద అయస్కాంతం తిప్పుతాం. ముర్మాన్‌ది మరీ పెద్దది, సర్కారు సమష్టి వ్యవసాయం ఎత్తేసిన రోజున ఊరి క్లబ్బు లౌడ్‌స్పీకర్లోంచి ఊడబెరికి తెచ్చుకున్నది, చిన్న మూకుడంత ఉంటుంది. దాన్ని మేకు మీంచి తీసి, ఒక రాయిని దగ్గర పెట్టాడు. రాయి మెల్లగా చేతిని లాగింది. పెట్టె అడుగున ఉన్న పొడి లేచి అయస్కాంతానికి గడ్డంలా మొలిచింది.

ఇనుముందన్నమాట. పలకల కోసం కాదు, ఇనుము కోసం. అంటే గట్టొక్కటే కాదు, గట్టు కింద నేల కూడా పోతుంది.

కానీ ముర్మాన్ తొందరపడే మనిషి కాదు. ఒక్క ఆవు పాలు చూసి మంద పాలు చెప్పలేం కదా. అందుకని ప్రతి రాయినీ తీసి, ముందూ వెనకా అయస్కాంతానికి రాసి, ఏది ఎంత లాగుతోందో మనసులో పెట్టుకుని, మళ్ళీ అదే గుంటలో, బాణం పైకి ఉండేలా శ్రద్ధగా పెట్టాడు. పని ఎక్కువైంది. మధ్యలో లోపలికెళ్ళి ఒక గ్లాసు తాగి, మళ్ళీ ఆవు పేరు చెప్పి వచ్చాడు. అమ్మానాన్నల మీద గెర్వాసి మాట చెప్తున్నప్పుడు ఒకసారి, పోయినవాళ్ళ మీద చెప్తున్నప్పుడు ఒకసారి. మొత్తం ఎనభై నాలుగూ అయ్యాయి.

మూడోసారి తిరిగొచ్చినప్పుడు లమారా అడిగింది, "ఎన్ని ఆవులు ఈనుతున్నాయి తమ్ముడూ?"

"ఒకటే అక్కయ్యా. నిదానస్తురాలు."

త్సియాల మొగుడి వైపు చూసింది. వాళ్ళింట్లో చూడి ఆవు ఏదీ లేదని ఆమెకి తెలుసు. జున్ను పళ్ళెం కొంచెం గట్టిగా పెట్టింది.

ముర్మాన్ గెర్వాసి చెవిలో ఒక్క మాట ఊదాడు, "ఇనుము." గెర్వాసి అప్పటికి ఏడో మాటలో ఉన్నాడు. వెంటనే దాన్ని అటు మళ్ళించాడు.

"పరాయి వాళ్ళ గట్టులో ఇనుము ఉందని తెలిసి కూడా, మనసులో దాచుకోకుండా నోరు తెరిచి చెప్పే నిజాయితీపరుల కోసం," అని గ్లాసెత్తి లమారా మొహంలోకి చూశాడు.

"బాగా చెప్పావు," అంది ఆవిడ. "ఉన్నదంతా ఇనుములోనే ఉంది. ఇనుము లేకపోతే మేమసలు ఇంతదూరం వచ్చేవాళ్ళమే కాదు." అని తాగేసింది.

ఇంత పచ్చిగా ఒప్పుకుంటుందని గెర్వాసి అనుకోలేదు. ఎనిమిదో మాట మర్చిపోయాడు. తమాదా మాట మర్చిపోవడం మా ఊళ్ళో అదే మొదటిసారి.

ఆ సందులో త్సియాల అందుకుంది. "అక్కా, చల్లారిన రాయికి పాత సంగతి ఎలా గుర్తుంటుందని పొద్దుట్నుంచీ వీళ్ళు గింజుకుంటున్నారట. రొట్టె పొయ్యిలోంచి తీశాక కూడా దాని వీపు చూసి, ఇది మా పొయ్యిది, ఇది పక్కింటి పొయ్యిదని నేను చెప్పలేనూ? అలాంటిదే కదా?"

లమారా తింటున్న రొట్టె కింద పెట్టింది. "ముప్పై ఐదేళ్ళ నుంచి పిల్లలకి చెప్తున్నానమ్మా. ఇంత బాగా నేనే చెప్పలేదు."

"నీ రొట్టె మెచ్చుకున్న వాళ్ళందరూ నీకు నిజాయితీపరులే," అని గొణిగాడు ముర్మాన్.

లమారా అతని వైపు తిరిగింది. "ఆ రొట్టెలాగే తమ్ముడూ, మళ్ళీ పొయ్యిలో పెడితే వీపు మారిపోతుంది. ఈ రాళ్ళు ముప్పై లక్షల ఏళ్ళు ఒక్క మాట మర్చిపోకుండా ఉన్నాయి. కానీ గట్టి అయస్కాంతం ఒకటి ఆనించామా, ఒక్క క్షణంలో అంతా మర్చిపోతాయి. అందుకే ఎవరింట్లో దింపినా, పక్కన స్పీకర్లూ అవీ ఉన్నాయేమోనని నాకు భయం. నువ్వు పశువుల కొట్టం చూపించావు చూడు, అప్పుడు ప్రాణం కుదుటపడింది. గడ్డీ పేడా తప్ప అక్కడేముంటుంది."

ముర్మాన్ నోట్లో బంగాళాదుంప అలాగే ఉండిపోయింది.

పొద్దుట్నుంచీ తిప్పి తిప్పి చూసినా నమ్మకం కుదరనిది, ఇప్పుడు ఒక్కసారిగా కుదిరింది. ఇనుము తవ్వుకునేవాడు అయస్కాంతానికి భయపడడు. పలకలు కోసుకునేవాడు రాయి ఏం మర్చిపోయిందో పట్టించుకోడు. ఈవిడ నిజంగానే ఆ పనికిమాలిన పని కోసమే వచ్చింది. తన నీళ్ళు తాగి, తన రొట్టె తిన్న అతిథి సొత్తుని, తన కప్పు కింద, తన చేత్తో, ఒక్కటి కూడా వదలకుండా పాడు చేశాడు. పచ్చిక పోతే ఆవులే పోతాయి. అతిథికి ద్రోహం చేశాడని బయటపడితే, లోదేతిలో పేరు మూడు తరాల దాకా పోతుంది.

"అక్కయ్యా," అన్నాడు, "రేపు కూడా ఉండండి. గట్టు మీద ఇంకా చాలా చోటుంది."

"అయిపోయింది తమ్ముడూ. సోమవారం పొద్దున మా పొయ్యిలో పెట్టాలి. ఆ పొయ్యి వంతు కోసం ఏడాదిన్నర ఆగాను. ఈ ఏడాది దాటితే నాకు ఉద్యోగం ఉండదు, పొయ్యీ ఉండదు."

ఆ మాట ముర్మాన్‌కి వడగల్లులా తగిలింది. "ఇవాళ గురువారమే కదా. ఇంకో ఎనభై కన్నాలు పెట్టండి. నూట అరవై పెట్టండి. నీళ్ళు నేను మోస్తా."

అందరి గ్లాసులూ కిందికి దిగాయి.

వఖుష్తి లమారా వైపు వంగి, తను గుసగుసలాడుతున్నానని అనుకుంటూ గట్టిగా అన్నాడు, "లమారా గారూ, పొద్దున ఈయన మనల్ని తోడేళ్ళని చూసినట్టు చూశాడు. ఇప్పుడు కొండంతా కన్నాలు పెట్టమంటున్నాడు. ఏదో ఉంది. ఎవర్నో ఎక్కడో పాతిపెట్టి, మన చేత తీయిస్తున్నాడేమో."

గెర్వాసి ఇంకో వైపునుంచి వంగాడు. "బావా, నిన్ను కొనేశారా? నిజం చెప్పు. ఎంతకి?"

త్సియాల మాత్రం గుసగుసలాడలేదు. "మన ఆవుల్లో ఒక్కటీ చూడిది కాదు. మూడుసార్లు కొట్టంలోకెళ్ళి ఏం చేశావు?"

పొద్దుట్నుంచీ ముర్మాన్ ఒక్కడూ అందర్నీ అనుమానించాడు. ఇప్పుడు నలుగురూ కలిసి ముర్మాన్‌ని అనుమానిస్తున్నారు. ముర్మాన్ లేచి గోడ మీది పొట్టేలు కొమ్ము తీసి, నిండా వైన్ పోయించుకున్నాడు.

ఆ కొమ్ముకి ఒక సౌకర్యం ఉంది. కొమ్మెత్తి మాట్లాడేవాడికి ఎవరూ అడ్డు రాకూడదు. కింద పెడితే ఒరిగి ఒలికిపోతుంది కాబట్టి, వాడు మొత్తం తాగేదాకా ఎవరి కోపమైనా ఆగాల్సిందే.

"ఇది మా అతిథి లమారా అక్కయ్య కోసం," అని మొదలుపెట్టాడు ముర్మాన్. "ఆవిడ పొద్దున నిజం చెప్పింది. ఆ నిజం ఎలా ఉందంటే, బుద్ధున్నవాడెవడూ నమ్మడు. నాకు బుద్ధుంది, నమ్మలేదు. పక్క లోయలో పచ్చిక పోయినట్టు నాదీ పోతుందని భయపడ్డాను. మా కొట్టంలో గడ్డికి పెట్టే అయస్కాంతం ఉంది. పెద్దది. దాంతో ఆవిడ రాళ్ళు ఎనభై నాలుగూ రుద్దాను. ముందూ, వెనకా. ఇంట్లో అతిథి అన్నం పాడు చేసినవాణ్ణి నేనే. ఆవిడ ఎన్ని తిట్లు తిడితే అన్నీ పడతాను. ఆవిడ ఆయుష్షు కోసం."

కొమ్ము నోటికి పెట్టుకున్నాడు. లోదేతిలో అంత నెమ్మదిగా కొమ్ము ఖాళీ చేసినవాణ్ణి ఎవరూ చూసి ఉండరు. చివరి చుక్క అయ్యాక కూడా కాసేపు అలాగే పట్టుకున్నాడు.

లమారా లేచి కొట్టంలోకి నడిచింది. వెనక అందరూ నడిచారు. పెట్టె పక్కన దిక్సూచి పెట్టింది. ముల్లు కల్లు తాగినట్టు గిర్రున తిరిగి పెట్టె వైపు నిలబడింది. ఆవిడ పాలు పితికే పీట మీద కూలబడి గోడకి ఆనుకుంది.

"అన్నీనా?" అంది.

"అన్నీ అక్కయ్యా. మళ్ళీ వరస తప్పకుండానే పెట్టాను."

"చాలా మంచి పని చేశావు," అంది. తిట్టినా బాగుండేది.

లమారా చెయ్యి గోడ మీద ఉంది, గొర్రెని నిమిరినట్టు అలవాటుగా రాతిని నిమురుతోంది. నిమురుతూ నిమురుతూ ఆగింది. వేలు తడి చేసుకుని రాతిని తుడిచింది. జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకుంది.

"తమ్ముడూ, ఈ రాయి ఎక్కడిది?"

"మా తాత కట్టిన గోడ అక్కయ్యా. గట్టు అడుగునుంచి మోసుకొచ్చాడు. తర్వాత గట్టు జారి ఆ అడుగంతా పూడిపోయింది, నేను పుట్టకముందు."

"వఖుష్తీ, ఇలా రా. ఈ ఆకుపచ్చ రవ్వలు చూడు."

వఖుష్తి చూశాడు. మత్తు దిగిపోయింది. "అడుగుపొర," అన్నాడు.

సంగతేంటంటే, నల్లగట్టు ఒక్కసారి పారిన నిప్పు కాదు. దుప్పటి మీద దుప్పటి పరిచినట్టు చాలాసార్లు పారింది. అన్నిటికంటే అడుగున ఉన్న, అన్నిటికంటే పాతదైన పొర కోసం లమారా రెండేళ్ళ నుంచి వెతుకుతోంది. అది కొండ జారి మట్టి కింద పడి ఉంది. ఇంకో చోట ఉందని ఆవిడకి తెలీదు, ఆ చోటికి ఏడు ఆవులు రోజూ వీపు గోక్కుంటున్నాయని అసలే తెలీదు.

"కానీ మా తాత రాళ్ళని ఎటు పడితే అటు తిప్పి కట్టాడక్కయ్యా," అన్నాడు ముర్మాన్ భయంగా. "పై ఏదో కింద ఏదో ఎవరికీ తెలీదు. మీకు బాణాలు కావాలి కదా."

"బాణం దిక్కు కోసం. నాకు కావల్సింది బలం. రాయి తలకిందులుగా ఉన్నా బలం బలమే." ఆవిడ లేచి నిలబడింది. "ఈ కొట్టం ఎప్పుడైనా కాలిందా?"

"లేదు. మా అమ్మ మీద ఒట్టు."

"పిడుగు పడిందా?"

"మా ఇంటి మీదా? దేవుడికి అంత తీరికెక్కడిది."

"ఆ అయస్కాంతం ఏ గోడకి వేలాడుతుంది?"

"తూర్పు గోడకి."

"అయితే పడమటి గోడ. ఆ అయస్కాంతాన్ని ముందు ఇక్కణ్ణుంచి తీసుకుపో, ఊరి చివరిదాకా. గెర్వాసి బాబూ, నువ్వు నీళ్ళు పట్టుకురా."

పొద్దున కొండకి కన్నాలు పెడుతున్నారని ఏడ్చిన ముర్మాన్, సాయంత్రానికి తన కొట్టం గోడకే పదిహేను కన్నాలు పెట్టించుకున్నాడు. శుక్రవారం, శనివారం గట్టు మీద కూడా మళ్ళీ పెట్టారు, పాత కన్నాల పక్కనే కొత్తవి. బావా బావమరిదీ నీళ్ళు మోసి మోసి నడుములు విరగ్గొట్టుకున్నారు. ఆదివారం జీపు కదిలేముందు లమారా త్సియాల దగ్గర ఆరు రొట్టెలు తీసుకుంది. ముర్మాన్‌ని దగ్గరికి పిలిచి, "నీ మీద నాకు కోపం పోలేదు," అంది. "కానీ పెద్ద అయస్కాంతం లేని ఇంట్లో దిగి ఉంటే, ఆ గోడ చూసేదాన్ని కాదు." ఇది మెచ్చుకోలో కాదో ముర్మాన్‌కి ఇప్పటికీ తెలీదు.

పేడ ఇటుకలు మాత్రం నానిపోయి, మళ్ళీ పేడ అయ్యాయి.

ఆకులు రాలే రోజుల్లో నిజంగానే ఒక బండొచ్చింది, నల్లగా, మెరుస్తూ. అందులోంచి మంచి బూట్ల వాళ్ళు ఇద్దరు దిగారు. చేతిలో పటం ఉంది. నల్లగట్టు ఎక్కి గంటసేపు తిరిగారు. దిగి ముర్మాన్ వాకిట్లోకొచ్చేసరికి మొహాలు వాడిపోయి ఉన్నాయి.

"పెద్దాయనా, పైన ఆ కన్నాలూ ఆ అంకెలూ ఏంటి? మాకంటే ముందు ఎవరొచ్చారు?"

ముర్మాన్ వాళ్ళ బూట్లు చూశాడు, పటం చూశాడు. అన్నీ అర్థమయ్యాయి. ఒక్క అబద్ధం ఆడాలనుకోలేదు.

"పట్నంనుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ముప్పై లక్షల ఏళ్ళ కింద భూమి అయస్కాంతానికి ఎంత బలం ఉండేదో కొలవడానికి."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఎవరి తరఫునట?"

"ఎవరి తరఫునా కాదు. తెలుసుకోవడానికట."

"తెలుసుకుని?"

"తెలుసుకోవడమే."

"మరి మీ కొట్టం గోడకి కూడా ఉన్నాయేం కన్నాలు?"

"అందులో ఇంకా పాత బలం ఉందట."

పటం పట్టుకున్నాయన దాన్ని మడిచేశాడు. "చెప్పొద్దన్నారు కాబోలు. సరేలే పెద్దాయనా, నిన్నెందుకు ఇబ్బంది పెట్టడం. గోడ దాకా వచ్చారంటే చాలా పెద్దవాళ్ళే అయ్యుంటారు. ఇక్కడ మనకి పని కాదు," అన్నాడు పక్కవాడితో.

బండి వైపు నాలుగడుగులేశారు. ఎండగా ఉంది, ఆయన మెడ తుడుచుకుని వెనక్కి తిరిగాడు. "పెద్దాయనా, పోతూ పోతూ కాసిని నీ..."

ఆ నెలలో ఏ ఆవూ ఈనేలా లేదు గానీ, ఆయన మాట పూర్తయ్యేసరికి ముర్మాన్ కొట్టంలో ఉన్నాడు.